30వ వచనాన్ని దాటవేయకుండా

యౌవనంలోనే ప్రభువునందు నిద్రించినవారి ఆదరణ కూడికలలో మన సంఘాలు తరచుగా చదివే వాక్యాలలో యెషయా గ్రంథం 40వ అధ్యాయంలోని 31వ వచనం ఒకటి. “యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు, వారు పక్షిరాజులవలె రెక్కలు చాపి పైకి ఎగురుదురు, అలయక పరుగెత్తుదురు, సొమ్మసిల్లక నడిచిపోవుదురు” అనే ఆ మాటలు కూడిక ఆహ్వాన పత్రిక మీద, వేదిక వెనుక కట్టిన ఫ్లెక్సీ మీద, కొన్నాళ్లకు సమాధి రాతి మీద కనిపిస్తాయి. దానికి సరిగ్గా ముందున్న 30వ వచనం మాత్రం ఎక్కడా కనిపించదు. “బాలురు సొమ్మసిల్లుదురు అలయుదురు, యౌవనస్థులు తప్పక తొట్రిల్లుదురు” అని అందులో ఉంది. కొడుకునో కూతురినో క్యాన్సర్‌కు పోగొట్టుకుని ముందు వరుసలో కూర్చున్న తల్లిదండ్రుల ఎదుట ఆ మాట చదవడానికి నోరు రాకపోవడం సహజమే. అయినా ఆ ఇంటివారికి 31వ వచనం కంటే ముందు 30వ వచనమే అవసరమని నేను నమ్ముతున్నాను. అలా నమ్మడానికి కారణం ఎరిక్ లిడెల్ అనే ఉపాధ్యాయుని మరణం.

చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో, ఇప్పుడు వెయ్‌ఫాంగ్ అని పిలిచే పట్టణంలో, ఆయన పేరిట ఒక స్మారక శిల ఉంది. స్కాట్లండ్‌లోని మల్ ద్వీపం నుంచి తెచ్చిన ఆ గ్రానైట్ రాతిని 1991లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం అక్కడ నిలబెట్టించింది. దాని మీద చెక్కినది ఈ 31వ వచనమే. పరుగు పందెంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడికి “అలయక పరుగెత్తుదురు” అనే మాట కంటే తగినది మరొకటి దొరకదని చూసినవారందరికీ అనిపిస్తుంది.

ఆయన పుట్టింది కూడా చైనాలోనే, 1902 జనవరిలో, తియాన్‌జిన్ నగరంలో. తల్లిదండ్రులు లండన్ మిషనరీ సొసైటీ పంపిన స్కాట్లండ్ మిషనరీలు. ఆ సొసైటీ మనకు పరాయిది కాదు. 1805లో విశాఖపట్నం చేరి సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నది ఆ సంస్థవారే. ఎడిన్‌బరోలో విజ్ఞానశాస్త్రం చదువుతూనే ఆయన స్కాట్లండ్ జట్టు తరఫున ఏడు అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్‌లు ఆడారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ప్రాథమిక పోటీలు ఆయన విశ్రాంతి దినంగా పాటించే ఆదివారం నాడు పడటంతో ఆ పందెం వదులుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లకు గమ్యం చేరి స్వర్ణం గెలిచారు. ఈ సంగతి ఆయనకు ఓడ ఎక్కబోయేటప్పుడు తెలిసిందని కొందరు ప్రసంగాలలో రక్తి కట్టించి చెబుతారు గాని, పోటీల పట్టిక కొన్ని నెలల ముందే తెలిసింది. ఆ నెలలన్నీ ఆయన 400 మీటర్ల కోసం సాధన చేశారు. ఆ మరుసటి ఏడాదే, ఇంకా ఎన్ని పతకాలు గెలవగలడో లోకం లెక్కలు వేస్తుండగా, తియాన్‌జిన్‌లోని ఆంగ్లో చైనీస్ కళాశాలలో సైన్సు చెప్పడానికి, పిల్లలను ఆడించడానికి వెళ్లిపోయారు.

మన ప్రసంగాలలో ఆయన కథ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. ఆదివారం పరుగెత్తనన్నాడు, దేవుడు ఘనపరచాడు, ఆమేన్. తరువాతి ఇరవై ఏళ్ల గురించి చెప్పేవారు తక్కువ. ఆ ఇరవై ఏళ్లలో ఆయన ఎక్కువ కాలం తరగతి గదిలోను, ఆటస్థలంలోను, 1937 తరువాత యుద్ధం నలిపేసిన షియావోచాంగ్ పల్లెలలోను గడిపారు. 1941లో, జపాన్ సైన్యం వల్ల అపాయం పెరుగుతున్న రోజులలో, గర్భవతిగా ఉన్న భార్య ఫ్లోరెన్స్‌ను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపించి తాను ఉండిపోయారు. మూడవ కుమార్తెను ఆయన చూడనే లేదు.

1943 మార్చిలో జపాన్‌వారు ఆయనను వెయ్‌షియెన్ (ఇప్పటి వెయ్‌ఫాంగ్) నిర్బంధ శిబిరానికి తరలించారు. అది ఒకప్పుడు అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్ వారి ఆవరణ. దాని చుట్టూ గోడ, కావలి బురుజులు, లోపల దాదాపు 1,500 మంది. చీఫూ మిషన్ పాఠశాల పిల్లలను కూడా అదే ఏడాది అక్కడికి తెచ్చారు. వారిలో చాలామంది తల్లిదండ్రులు చైనాలో ఎక్కడో దూరాన సేవలో ఉన్నారు, ఎప్పుడు కలుస్తారో ఎవరికీ తెలియదు. ఆ పిల్లలకు ఆయన “అంకుల్ ఎరిక్” అయ్యారు. ప్రయోగశాల లేని చోట రసాయన శాస్త్రం పరీక్షకు సిద్ధమవుతున్నవారి కోసం పరికరాల బొమ్మలను ఒక్కొక్కటిగా చేత్తో గీసి ఇచ్చారు. హాకీ కర్రలు విరిగితే తన దుప్పట్లను పేలికలుగా చింపి గట్టిగా చుట్టి కట్టి మళ్లీ ఆడించారు. ఎముకలు కొరికే చలిలో, గుడ్డముక్క దొరకడమే కష్టమైన శిబిరంలో, కప్పుకొనే దుప్పటిని పిల్లల ఆటకర్రకు కట్టుగా మార్చడం అంటే ఏమిటో కాస్త నిలిచి ఆలోచించదగిన విషయం.

ఆ శిబిరంలోనే జరిగిన మరొక సంగతి ఒలింపిక్ స్వర్ణం కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. ఆదివారం ఆటలు జరిపించడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. కుర్రాళ్లు తమంతట తామే ఒక ఆదివారం హాకీ ఆడారు. రిఫరీ లేకపోవడంతో ఆట కొట్లాటగా ముగిసింది. ఆ తరువాతి ఆదివారం రిఫరీగా మైదానంలో నిలబడినది ఎరిక్ లిడెల్. క్రీడా పెద్దల, పత్రికల ఒత్తిడికి చలించని నియమం తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు ఒకరినొకరు కొట్టుకోకుండా ఉండటం కోసం సడలింది. ఆయన మాట తప్పాడని అప్పుడు అన్నవారు ఉండవచ్చు. విశ్రాంతి దినం మనుష్యుల కొరకే నియమింపబడెను అని ప్రభువు చెప్పిన మాటకు ఇంతకంటే చక్కని వ్యాఖ్యానం నాకు కనబడలేదు.

1945 జనవరి నాటికి ఆయన నడక మందగించింది. విడవని తలనొప్పులు వచ్చాయి, ఎప్పుడూ ఎదుటివారిని నవ్వించే మనిషి ముభావంగా మారిపోయాడు. శిబిరంలోని వైద్యులు తమ దగ్గరున్న కొద్దిపాటి సాధనాలతో పరీక్షించి, అధిక శ్రమ వల్ల నరాలు అలసిపోయాయని అనుకున్నారు. ఫిబ్రవరి 21న భార్యకు రాసిన చివరి ఉత్తరంలో, ఆసుపత్రిలో ఒక నెల ఉన్న తరువాత చాలా నయంగా ఉందని, బోధన, ఆటలు మానేసి రొట్టెలు కాల్చడం వంటి శరీర శ్రమకు మారమని డాక్టరు సలహా ఇస్తున్నారని ఆయన తెలిపారు. అదే రోజు రాత్రి ఆయన మరణించారు. వయసు 43. మెదడులో కణితి ఉన్నట్లు మరణానంతర పరీక్షలో తేలింది.

ఆ చివరి వారాలలో ఆయన తన మనసులోని ఒక బాధను దగ్గరివారితో చెప్పుకున్నారు. భారమంతా ప్రభువు మీద వేయగలిగి ఉండవలసిన తాను ఇలా కుంగిపోవడమే తనను కలవరపెడుతున్నదని ఆ మాటల సారాంశం. “నీ భారము యెహోవామీద మోపుము” అని ఎందరికో బోధించిన మనిషి, ఆ వాక్యం తన విషయంలో ఎందుకు పని చేయడం లేదో తెలియక, తప్పు తన విశ్వాసంలోనే ఉందనుకున్నాడు. ఆ సమయంలో ఆయన తలలో కణితి పెరుగుతోంది. విశ్వాసంలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఆయనకు మాత్రం చివరిదాకా తెలియలేదు.

మన మధ్య క్యాన్సర్ వచ్చిన ఇళ్లకు వెళ్లి మనం మాట్లాడే మాటలను ఇక్కడ తలచుకోక తప్పదు. ఉపవాస ప్రార్థనలు పెట్టిస్తాం, నూనె రాసి ప్రార్థిస్తాం, అవి చేయవలసినవే. కాని కీమో మీద కీమో ఎక్కుతూ జుట్టు రాలి మంచానికి అతుక్కున్న యువకుని దగ్గర, “నమ్మితే దేవుని మహిమ చూస్తావు బాబూ, నీ నమ్మకమే కాస్త గట్టిపడాలి” అని చెప్పి వచ్చేవారు మన సంఘాలలో లేరని అనగలమా? ఆ మాట విన్నవాడు నొప్పికి తోడు అపరాధ భావాన్ని కూడా మోస్తాడు. అతడు వెళ్లిపోయిన తరువాత ఆ భారాన్ని తల్లి ఎత్తుకుంటుంది. ఇంకొక్క రోజు ఉపవాసం ఉండి ఉంటే, ఇంకొక్క కూడిక పెట్టించి ఉంటే అని ఏళ్ల తరబడి తనలో తాను లెక్కలు వేసుకుంటూనే ఉంటుంది.

30వ వచనం ఆ లెక్కలను కొట్టివేస్తుంది. బాలురు సొమ్మసిల్లుదురు. యౌవనస్థులు తప్పక తొట్రిల్లుదురు. “తప్పక” అని ప్రవక్త చెప్పిన చోట విశ్వాసం తక్కువైనవారు తొట్రిల్లుదురని మనం చదివితే, అది లేఖనానికి మనం చేర్చిన షరతు అవుతుంది. ఈ అధ్యాయం “నా జనులను ఓదార్చుడి, ఓదార్చుడి” అనే మాటలతో మొదలై, బబులోనులో చెరపట్టబడి ఇంటి దారి కనబడని ప్రజలతో మాట్లాడుతుంది. ఆ ప్రజలలో మంచి వయసులో ఉండి, తిరిగి యెరూషలేము చూడకుండానే పరదేశపు మట్టిలో కలిసినవారు ఎందరో ఉంటారు. వారికి కూడా ఈ వాగ్దానం చదివి వినిపించారు. అందుచేత 31వ వచనంలోని నూతన బలాన్ని ఆరోగ్యమని, దీర్ఘాయువని మాత్రమే అర్థం చేసుకుంటే, చెరలో చనిపోయిన ప్రతివాడి విషయంలోను ఆ వాగ్దానం అబద్ధమైందని ఒప్పుకోవలసి వస్తుంది. “సొమ్మసిల్లినవారికి బలమిచ్చువాడు ఆయనే” అని 29వ వచనం చెబుతున్నది. సొమ్మసిల్లడం అక్కడ అవిశ్వాసానికి గురుతు కాదు. ఆ బలం పొందేవారి పరిస్థితి అది.

విజయానికి గురుతుగా మనం చదివే ఈ వచనం ఎరిక్ లిడెల్‌కు తగిన వచనమే. అయితే స్వర్ణం గెలిచిన 1924 జూలై 11 కంటే 1945 ఫిబ్రవరికి అది ఎక్కువ వర్తిస్తుందని నా అభిప్రాయం. కాళ్లు తడబడుతున్న ఆ రోజులలో కూడా ఆయన తన పరుగు బూట్లను, వాడి వాడి అరిగినవాటినే, బాగుచేసి స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే కుర్రాడికి చలికాలం గడపడానికి ఇచ్చారు. “మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించువారికొరకు ప్రార్థన చేయుడి” అనే మాట మీద శిబిరంలో బోధించి, కావలి కాస్తున్న జపాన్ సైనికుల కోసం ప్రార్థించడం ఆ పిల్లలకు అలవాటు చేశారు. భూస్థాపన నాడు నాటిన చెక్క సిలువ మీద ఆయన పేరును బూట్ల పాలిష్‌తో నల్లగా రాశారు. అప్పటికి శిబిరానికి విడుదల రావడానికి ఇంకా ఆరు నెలలు ఉంది. యుద్ధం ముగిశాక మెట్‌కాఫ్ మిషనరీగా జపాన్‌కే వెళ్లి, దశాబ్దాల పాటు ఆ ప్రజల మధ్య సేవ చేశారు.

కాబట్టి యౌవనంలోనే నిద్రించిన ఉపాధ్యాయుల, ఆటగాళ్ల ఆదరణ కూడిక జరిపించే పెద్దలకు నాదొక మనవి. వాక్యపఠనం 31వ వచనంతో మొదలుపెట్టకుండా 27వ వచనం నుంచి చదివించండి. నా మార్గము యెహోవాకు మరుగై యున్నదని ఇశ్రాయేలు ఆడిన నిష్ఠూరం అక్కడ దాచకుండా రాయబడి ఉంది. బిడ్డను కోల్పోయిన తల్లి లోలోపల అంటున్న మాట అదే కనుక, ముందు దానిని లేఖనం నోటనే వినడం ఆమెకు మేలు. ఆ ఐదు వచనాలు నెమ్మదిగా చదివినా రెండు నిమిషాలు పట్టదు. ఇక సాక్ష్యాల విషయానికి వస్తే, వేదిక మీది పెద్దలందరూ మాట్లాడిన తరువాత, భోజనాలకు వేళైన తరువాత, సమయం మిగిలితే విద్యార్థులలో ఒకరికి మైకు ఇవ్వడం మన అలవాటు. ఒక టీచరు కూడికలోనైనా ఆ వరుసను తిరగవేసి, పిల్లలను ముందు మాట్లాడనివ్వండి.