మా బామ్మర్దీ నేనూ ఎదురుచూస్తాండే ఆరెంజ్ కారు

2024 డిసెంబర్ 4న కొరియా హ్యుందాయ్ గ్రూపులోని జెనిసిస్ వాళ్లు వాళ్ల రేసు కారుని మొట్టమొదట దుబాయిలోనే బయటపెట్టినారు. ఆ రాత్రి నేను షార్జా హమ్రియాలో ఓవర్ టైంలో ఉండా, ఒక పడవ మోల్డు లోపల మోకాళ్ల మీద కూర్చోని కార్బన్ గుడ్డ పరుస్తాండా, రోడ్డెక్కితే గంట దూరం అంతే, కానీ నాకు ఆ సంగతే తెలీదు. మర్నాడు పొద్దున పెనుకొండ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, నిన్న మీ ఊర్లోనే అంట కదా, చూసినావా" అన్నాడు. ఏంది రా చూసేది అన్నా. అప్పుడు ఫోటో పంపినాడు. నారింజ రంగు, నేలకి కరుచుకోని పడుకున్నట్టు ఉండాది, ముందర జెనిసిస్ కార్లకి ఉండే ఆ రెండు గీతల లైట్లు, పేరు జీఎంఆర్-001. కంపెనీ బస్సులో కూర్చోని పని కాడికి పోయేదాకా ఆ ఒక్క ఫోటోనే పెద్దది చేసి చిన్నది చేసి చూస్తానే ఉన్నా.

అది జరిగి సంవత్సరం దాటింది. ఫ్రాన్సులో జరిగే లె మాన్స్ 24 గంటల రేసు లాంటి పెద్ద రేసుల్లో ఈ కారు దిగేది 2026 సీజన్లో. మేమిద్దరం దానికోసం కాచుకోనుండాం.

మాది పెనుకొండ దగ్గర పల్లె, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ యాడి నుంచి అని ఎవరన్నా అడిగితే మా నోట్లో అనంతపురం అనే వస్తాది. శెనక్కాయ సేద్యం మాది, వాన పడితే పంట లేకుంటే అప్పు. అట్ల ఒక అప్పు తీర్చడానికే ఇక్కడికి వచ్చినా, మొదట గ్లాస్ ఫైబర్ పని. ఆ పని చేసినోళ్లకి తెలుస్తాది, సన్నని గాజు పోగులు చర్మంలో దిగి రాత్రంతా దురద, అలవాటు లేనోళ్లు వేడినీళ్లు పోసుకుంటారు, అది ఇంకా లోపలికి పోతాది, ముందు చన్నీళ్లతో కడుక్కోవాలని నాకు చెప్పింది పక్క మంచం మీదుండే ఒక ఒడియా పెద్దాయన. రెసిన్ వాసన అన్నం ముద్దలో కూడా తగులుతాంటాది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఊరిబిండి డబ్బా మూత తీసినప్పుడు ఒక్కటే ఆ వాసన పోయేది.

ఆమేల చేతి పని బాగుందని కార్బన్ సెక్షన్‌కి మార్చినారు. నేను ఈ కారు గురించి ఇంతగా మాట్లాడేదానికి కారణం ఇదే. ఇట్లాంటి రేసు కారు గుండెకాయ అంటే అందరూ ఇంజను అనుకుంటారు, కానీ డ్రైవరు కూర్చునే ఆ తొట్టి, మోనోకోక్ అంటారు, అదంతా కార్బన్, దానికే ముందర సస్పెన్షన్, దానికే వెనక ఇంజను, అన్నీ దాన్ని పట్టుకోనే ఉంటాయి. ఫ్రాన్సులో ఒరెకా అనే కంపెనీ ఈ కారుకి ఆ తొట్టి ఉండే ఛాసీ, అంటే కారు అసలు చట్రం, చేస్తాంది. లె మాన్స్ పెద్ద క్లాసు కార్లకి ఎల్‌ఎండీహెచ్ అని ఒక రూలు ఉండాది, దాంట్లో కార్ల కంపెనీ తన ఇంజను, తన బాడీ డిజైను పెట్టుకోవచ్చు గానీ ఛాసీ మాత్రం నలుగురి దగ్గరే తీసుకోవాలి, ఒరెకా, డల్లారా, లిజియే, మల్టీమాటిక్. హైబ్రిడ్ సామాను కూడా అందరికీ ఒకటే. బరువు 1030 కేజీలకి తగ్గకూడదు, పవర్‌కీ ఒక హద్దు ఉండాది.

మేం పడవకి చేసేదీ వాళ్లు కారుకి చేసేదీ ఒకే కులం పని అని నేను నమ్ముతా, నాణ్యత లెక్క వేరే అయినా సరే. రెసిన్ ముందే పట్టించిన కార్బన్ గుడ్డ, ప్రీప్రెగ్ అంటాం, ఫ్రీజర్లో మైనస్ 18లో ఉంటాది. బయటికి తీసినాక అది పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా కవర్ చించకూడదు, చించినావంటే గాలిలో తేమ దానిమీద నీళ్లై కూర్చుంటాది, షార్జా ఎండాకాలం తేమ సంగతి చెప్పేపనే లేదు. తర్వాత ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం, ఒక పొర ఏటవాలు, ఏ పక్క నుంచి బరువు పడతాదో లెక్క చూసి ఆ పక్కకి పోగు తిప్పాల. మధ్య మధ్యలో ప్లాస్టిక్ కప్పి వాక్యూమ్ పెట్టి గాలి లాగేయాల. మూలల్లో గుడ్డ వంతెన మాదిరి లేచి నిలబడకుండా వేలితో, చెక్క పుల్లతో నొక్కుకుంటా పోవాల. ఆఖర్న ఆటోక్లేవ్, అంటే ఇల్లంత ప్రెషర్ కుక్కర్ అనుకో. అంత పెద్ద మిషన్లు ఉన్నా పొర పరిచేది చెయ్యే. ఫ్రాన్సులో ఎవరో ఒకరు నాలాగే గ్లవ్స్ వేసుకోని ఆ మూలలో వేలు పెట్టి నొక్కినారు, ఆ పేరు యాడా రాయరు. నేను ఆ ఫోటోలో చూసింది ఆ మూలల్నే.

ఇప్పుడు మా బామ్మర్ది సంగతి. నేను ఇక్కడికి వచ్చేసరికి వాడు ఇంటర్. 2017లో కియా వాళ్లు పెనుకొండ కాడ ఎర్రమంచికి వస్తాండారని అగ్రిమెంట్ అయింది, మా వైపు ఎవరూ నమ్మలేదు, రాళ్లు గుట్టలు తప్ప ఏముందని. 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికి వచ్చింది. సంవత్సరానికి 3 లక్షల కార్లు చేసే ప్లాంటు, 536 ఎకరాలు. హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు, కొరియా హోటళ్లు, నేను లీవులో పోయినప్పుడు దిగిన చోటు మనూరేనా అని నిలబడి చూసినా. వాడు ఐటీఐ చేసి అక్కడే లైన్లో చేరినాడు. నేను అప్పు చేసి దేశం దాటినా, వాడికి దేశమే ఊరికి వచ్చింది. దీని గురించి మా అత్త ఏమో అంటాంటాది గానీ నాకు ఏ రోజూ వాడి మీద అసూయ లేదు, వాడు అమ్మ చేతి సంగటి తిని డ్యూటీకి పోతాడంటే నాకు కడుపు నిండినట్టే.

కియా, హ్యుందాయ్, జెనిసిస్ మూడూ ఒకే గ్రూపు. జెనిసిస్ అనేది 2015 నవంబర్లో విడిగా పెట్టిన లగ్జరీ పేరు, ఇండియాలో అమ్మరు, ఇక్కడ మాత్రం దుబాయి షేక్ జాయెద్ రోడ్డు మీద బాగా కనపడతాయి. మా వాడు ఇంతవరకు ఒక్క జెనిసిస్ కూడా కళ్లారా చూడలేదు, అయినా "మా కారు" అంటాడు. ఫోన్లో కారు పక్కన రాసున్న కొరియా అక్షరాలు చూపించి ఇదేందప్పా అని అడిగితే టక్కున చదివినాడు, మాగ్మా అని. లైన్లో సూపర్వైజర్ల దగ్గర కూడబలుక్కోని నేర్చుకున్నాడంట. నాకు అరబ్బీ నెంబర్లు తప్ప ఇంకా చదవడం రాలేదు, వాడు కొరియా చదువుతాండాడు, ఆ రోజు నాకు ఎంత సంతోషం అయిందో.

ఇంజను సంగతి వాడికి ఇష్టం. జర్మనీ ఆల్జెనౌలో హ్యుందాయ్ రేసింగ్ వాళ్ల వర్క్‌షాపు ఉండాది, ర్యాలీ కార్లు అక్కడివే, ఆ ర్యాలీ కారు 1.6 లీటర్ నాలుగు సిలిండర్ల ఇంజనుని తీసుకోని దాన్నుంచి 3.2 లీటర్ల వీ8, రెండు టర్బోలతో చేసినారు. నాలుగు నాలుగు ఎనిమిది, 1.6కి 1.6 కలిపితే 3.2, వాడు ఇది చెప్పేటప్పుడు గొంతు మారిపోతాది. ర్యాలీలో బురదలో రాళ్లలో దెబ్బలు తిన్న ఇంజను కాబట్టి గట్టిగా ఉంటాదని వాడి వాదన. నేనేమంటానంటే ర్యాలీలో స్టేజీ స్టేజీకి మధ్య ఊపిరి పీల్చుకోవచ్చు, లె మాన్స్‌లో 24 గంటలు గొంతు మీద కాలేసి తొక్కుతానే ఉంటారు, రెండూ ఒకటి కాదు.

లె మాన్స్ అంటే 1923 నుంచి ఫ్రాన్సులో జరిగే రేసు. ఒక రౌండు 13.626 కిలోమీటర్లు, అందులో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. గెలిచే కారు ఒక పగలూ ఒక రాత్రిలో 5000 కిలోమీటర్లకి దగ్గర దగ్గర పోతాది, అంటే ఇంచుమించు అనంతపురం నుంచి ఢిల్లీ పోయి, తిరిగొచ్చి, మళ్లీ నాగ్‌పూర్ దాకా పోయినంత, ముగ్గురు డ్రైవర్లు మార్చుకుంటా. ఈ కారుకి తీసుకున్న డ్రైవర్లలో ఆండ్రే లాటరర్ అని ఒకాయన ఉండాడు, ఆడీలో మూడుసార్లు గెలిచినాడు, 2011, 2012, 2014. ఆ పేరు వినంగానే నాకు ధైర్యం వచ్చింది. మన దేశం నుంచి 2012లో కరుణ్ చందోక్ దాంట్లో తోలినాడు, అక్కడ రేసు మొదలుపెట్టిన మొదటి ఇండియన్ ఆయనే.

నేను ఇట్లాంటి రేసు ఒకటి కళ్లారా చూసినా, లె మాన్స్ కాదు, దుబాయ్ ఆటోడ్రోమ్‌లో జనవరిలో జరిగే 24 గంటల రేసు. శుక్రవారం లీవు అయ్యే రోజుల్లో ఒక కేరళ దోస్తు తీసుకపోయినాడు. రాత్రి రెండు గంటలప్పుడు చలి, జనం పలచబడినారు, కార్లు మాత్రం తిరుగుతానే ఉన్నాయి. ఒక కారు పిట్టులోకి, అంటే రేసు మధ్యలో కార్లు బాగుచేసే చోటికి, వచ్చింది ముందర బంపరు పగిలిపోయి, నలుగురు పిల్లోళ్లు మోకాళ్ల మీద కూర్చోని టేపు వేసి బిగించి పంపించినారు, ఎవరూ అరవలేదు, ఒకరి చేయి ఒకరికి అడ్డం పడలేదు. పొద్దున ఏడుకి చూస్తే ఆ కారు ఇంకా తిరుగుతాంది. నాకు అది ఎన్నో నెంబర్లో వచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు, నల్ల టేపు మాత్రం గుర్తుంది.

అందుకే మా ఇద్దరికీ పడేది ఇక్కడే. వాడు మొదటి సంవత్సరమే గెలవాలంటాడు. నేను ముందు 24 గంటలు నిలబడనీ రా అంటా. 2016లో టయోటాకి ఏమైంది, ఇంకా ఐదు నిమిషాలు కూడా లేదు రేసు అయిపోవడానికి, ముందర ఉన్న కారు స్టాండ్ల ముందర పవర్ పోయి ఆగిపోయింది. వాళ్లు 1985 నుంచి పోతా ఉంటే గెలిచింది 2018లో. లె మాన్స్ పెద్ద క్లాసులో దిగే మొదటి కొరియా కంపెనీ ఇది, పోటీలో ఫెరారీ ఉండాది, 2023, 2024, 2025 వరసగా మూడు కొట్టినోళ్లు. ఇది చెప్తే వాడు "బావా నువ్వు ఎప్పుడూ ఇంతే, భయం ముందు పెట్టుకుంటావు" అన్నాడు.

భయం కాదు. నేను మొదట చేసిన కంపెనీలో, ఆ పేరు వద్దులే, ఒక పడవకి డెలివరీ తేదీ దగ్గరికొచ్చిందని రాత్రింబగళ్లు తోలినారు. నేను నాణెంతో తట్టుకుంటా పోతాండా, కార్బన్ పనిలో అది పాత పద్ధతి, సంతలో కుండ కొనేటప్పుడు మా అవ్వ వేలితో కొట్టి చూసే మాదిరే, గట్టిగా ఉంటే టంగుమంటాది, లోపల పొర వీడి ఉంటే బొదబొదమంటాది. ఒక చోట బొదబొదమంది. అరచేతి అంత. ఫోర్‌మన్‌కి చెప్తే పెయింట్ వేసేయ్ కనపడదు అన్నాడు. నేను చాక్ పీసుతో చుట్టూ గీత గీసి పక్కన నిలబడినా. ఆ నెల నా ఓవర్ టైం డబ్బులు రాలేదు. కానీ ఆ భాగం కోసి మళ్లీ పరిచినాం, నా చేత్తోనే పరిచినా. 24 గంటలు అంటే నాకు గుర్తొచ్చేది అదే, లోపల యాడో ఒక బుడగ ఉంటే అది పొద్దున మూడుకో నాలుగుకో బయటపడతాది, ఆ టైముకి పెయింట్ ఏమీ దాచదు.

2025 ఆగస్టులో ఆ కారు ఫ్రాన్సులో పాల్ రికార్డ్ ట్రాక్ మీద తిరగడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి మా వాడు ఏ వీడియో వచ్చినా పంపుతాడు, నేను మధ్యాహ్నం బ్రేకులో చూస్తా. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని రూలు, ఆ పోయిన వేసవి బ్రేకుల్లోనే నేను ఈ ముచ్చట్లన్నీ నేర్చుకున్నా. ఆ వీడియోల్లో ఇంజను సౌండు వాడు వింటాడు, నేను బాడీ ప్యానెళ్లు కలిసే కాడ సందు చూస్తా.

2026 లె మాన్స్ జూన్ 13, 14. వాళ్లకి సాయంత్రం నాలుగుకి మొదలు, అంటే మనకి ఇండియాలో ఏడున్నర, ఇక్కడ ఆరు. నాకు రెండేళ్లకొకసారి ఇచ్చే లీవు జూన్లోనే వస్తాది, పోయిన వారమే అప్లికేషన్ పెట్టినా, సైన్ ఇంకా కాలేదు. సైన్ అయితే ఊర్లో మిద్దె మీద వాడి ఫోను టీవీకి తగిలించి తెల్లారేదాకా చూద్దామని ప్లాను, మా అత్త శెనక్కాయలు ఉడకబెడతానంది. సైన్ కాకపోతే నేను ఇక్కడ క్యాంపు మేడ మీద, వాడు అక్కడ, ఫోన్ లైన్ కట్ చేయకుండా. మొన్న రాత్రి ఇదే మాట్లాడుకుంటా ఉంటే వాడు అడిగినాడు, "బావా, పొద్దున నాలుగుకి మన కారు పిట్టులోకి వచ్చి నిలబడిపోయిందనుకో, అప్పుడు ఏం చేద్దాం?"

"చూస్తా ఉందాం రా. వాళ్లు మోకాళ్ల మీద కూర్చోని పని చేస్తాంటారు కదా, అయ్యేదాకా చూద్దాం" అన్నా.