రెండో అంతస్తు ప్లాన్‌లో లేదు

ఈ రోజు సగం పూట సెలవు పెట్టి, తెలిసిన సివిల్ ఇంజినీర్‌ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ దగ్గర కొందామని చూసిన ఇంటికి మళ్లీ వెళ్లాను. 200 గజాలు, తూర్పు ముఖం, కింద ఒక పోర్షన్, పైన రెండు. మాకు బాగా నచ్చింది రెండో అంతస్తే. మూడు వైపులా కిటికీలు, సాయంత్రమైతే చల్లటి గాలి. పాప చదువుకోవడానికి మూల గది అని మా ఆవిడ అప్పుడే నిర్ణయించేసింది.

నిన్న రాత్రి జిరాక్స్ కట్టంతా తిరగేశాను. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), ఇంటి పన్ను రసీదులు అన్నీ ఉన్నాయి. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాన్ కాపీ ఒక్కటే లేదు. పొద్దున అడిగితే ఇంటి పెద్దాయన బీరువా అంతా వెతికి తెచ్చి ఇచ్చారు. మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితం, దాని మీద పర్మిట్ నంబరు, 2009 నాటి తేదీ. గ్రౌండ్ ప్లస్ వన్, అంటే కింద ఒకటి, పైన ఒకటే అని ఉంది. అంతే.

ఇంజినీర్ టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు. వెనక ఖాళీ వదలాల్సిన జాగాలో రేకులు వేసి వాష్ ఏరియా చేశారు. పార్కింగ్ అని చూపిన చోట షట్టర్ పెట్టి టైలర్ షాపుకి అద్దెకిచ్చారు. ఇవి తీసేయొచ్చు అన్నాడు. పై అంతస్తు సంగతి వేరు.

"మా అమ్మాయి పెళ్లికి ముందు వేశాం బాబూ, 2018లో. పన్ను కూడా కడుతున్నాను" అని పెద్దాయన రసీదు చూపించారు. దాచాలన్న ఉద్దేశం ఆయనలో కనిపించలేదు. నేనూ ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాను, మూడు అంతస్తులకీ పన్ను పడుతోందంటే పర్మిషన్ ఉన్నట్టేనని. కాదట. కట్టడం కనిపిస్తే పన్ను వేస్తారు, పర్మిషన్ లేనిదైతే జరిమానా కూడా కలిపి వేయొచ్చు. రుసుము కట్టి రెగ్యులరైజ్ (సక్రమం) చేయించుకోలేమా అని ఇంజినీర్‌ని అడిగాను. తెలంగాణలో 2015లో వచ్చిన స్కీము ఆ ఏడాది అక్టోబరు 28 లోపు కట్టిన వాటికే అన్నాడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పిల్లర్ల సంగతి. పునాది ఎన్ని అంతస్తులకు లెక్కగట్టి వేశారని ఇంజినీర్ అడిగాడు. "మేస్త్రీ తట్టుకుంటుందన్నాడు" అన్నారు పెద్దాయన. లెక్క కాగితం లేదు. మెట్ల దగ్గర బీము కింద సన్నటి పగులు ఉంది. అది ప్లాస్టర్‌దో లోపలిదో చూడగానే చెప్పలేనన్నాడు ఇంజినీర్. అప్పుడే పైన అద్దెకున్న అమ్మాయి చంటిపిల్లను ఎత్తుకుని వచ్చి మాకు మజ్జిగ ఇచ్చింది. "మీరే కొంటున్నారా అన్నయ్యా? మమ్మల్ని ఉండనిస్తారా?" అంది. నోట మాట రాలేదు.

బయటికొచ్చాక బ్రోకర్ "అందరివీ ఇట్లనే ఉంటయి అన్నా, ఎవరడుగుతరు" అన్నాడు. అడుగుతారు. అనుమతి లేని కట్టడం ఎన్నేళ్లు గడిచినా సక్రమం అయిపోదని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) చూశాకే బ్యాంకులు లోన్ ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ఆ సర్టిఫికెట్టూ లేదు. లోన్ గురించి వాకబు చేసిన చోట, ప్లాన్‌లో ఉన్న అంతస్తులకే విలువ కడతామన్నారు. ధర మాత్రం మూడో పోర్షన్ అద్దె కూడా లెక్కేసి చెబుతున్నారు. ఆ తేడా మా పదేళ్ల పొదుపు.

మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో ప్లాన్ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, స్ట్రక్చరల్ ఇంజినీర్ పునాది చూసి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వనని సాయంత్రం బ్రోకర్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. రాసిపెట్టిన చెక్కు మళ్లీ బీరువాలో పెట్టాను.

జరిగిందంతా విన్నాక మా ఆవిడ ఇల్లు పోతుందేమోనని బాధపడుతుందనుకున్నాను. ఆ పగులు సంగతి పైన ఉన్న అమ్మాయికి ఎవరైనా చెప్పారా అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున్నే పెద్దాయనకు ఫోన్ చేయాలి.