మావాడి లాక్రాస్ మ్యాచ్
నిన్న మావాడి స్కూల్‌కీ పక్క ప్రైవేట్ స్కూల్‌కీ లాక్రాస్ (వలకట్టిన కర్రతో బంతి పట్టి విసిరే ఆట) మ్యాచ్, బాబోయ్ ఆ గోల చూస్తే భీమవరం కోడిపందేలే గుర్తొచ్చాయి. మేరీలాండ్ వాళ్ళకి ఈ ఆటంటే ఎంత పిచ్చంటే 2004లో రాష్ట్ర అధికారిక టీమ్ స్పోర్ట్ చేసేశారు, ఇక బాల్టిమోర్ చుట్టుపక్కల గిల్మన్, మెక్‌డోనో లాంటి స్కూళ్ళ మధ్య పోటీ గురించి చెప్పక్కర్లా. అసలు ఆటేమో ఇక్కడి అమెరికా ఆదివాసీలది, ఇప్పుడు ఆడేది ఎక్కువగా ఫీజులు కట్టగలిగినోళ్ళ పిల్లలు (నాతో సహా, ఏం చేస్తాం). రబ్బరు బంతి మావాడి హెల్మెట్‌కి ఠంగున తగిలింది, నా ప్రాణం పోయింది, వాడేమో నవ్వుకుంటూ లేచాడు. పక్కన కూర్చున్న ముసలాయన, ఎప్పుడో ఇదే స్కూల్‌కి ఆడాడట, "మీవాడికి ఎడమచెయ్యి తిరగట్లేదు" అన్నాడు. ఓడిపోయి ఇంటికొచ్చాక అన్నం చల్లారిపోతున్నా గ్యారేజ్ గోడకి ఎడమచేత్తో బంతి కొడుతూనే ఉన్నాడు, టప్పు టప్పుమని.