పోటు టైమూ, బావగారి టైమూ

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకున్నవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. నీళ్లు కదలవనుకుంటాం. గాలి ఎటునుంచి వస్తోంది, తాడు ఎంత బిగించాలి, బుద్ధుడికి ఏ పక్కగా తిరగాలి, ఇంతే లెక్క. గాలి ఆగితే పడవా ఆగుతుంది. ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్ చూస్తూ కూర్చుంటే మళ్లీ ఎప్పుడో గాలి వస్తుంది. నాలుగేళ్లు అలాగే తిరిగాను.

కిందటి చలికాలంలో అక్క, "ఎప్పుడూ ఫొటోలు పెట్టడమేనా, మమ్మల్నీ ఓసారి ఎక్కించు" అంది. సరే రమ్మంటే, "ఆ వాసనలోకి నేను రాను బాబూ, సముద్రంలో అయితే చెప్పు" అంది. ఎక్కేవాళ్లు ముగ్గురు: అక్క, బావ, పదకొండేళ్ల మా పాప (అక్క కూతురు). ముగ్గురిలో ఎవరూ తెరచాప పడవ ఎక్కి ఎరగరు. అక్కకి మోకాలి నొప్పి. బావకి ఈత రాదు, కానీ ఆ సంగతి రైలెక్కేదాకా చెప్పలేదు.

ముంబై ఎందుకంటే, గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర చిన్న తెరచాప పడవలు నడిపే మనిషితో సహా అద్దెకి దొరుకుతాయి. పైగా నాంపల్లిలో ఎక్కితే తెల్లారేసరికి అక్కడ దింపే రైలుంది. దాని పేరు కూడా హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సే. వానాకాలం నాలుగు నెలలూ అక్కడ పడవలు ఒడ్డెక్కించేస్తారు. మా సాగర్‌లో పోటీల హడావుడేమో సరిగ్గా జూలైలో ఉంటుంది. అందుకని ఫిబ్రవరి అనుకున్నాం. గేట్‌వే నుంచి హార్బర్ అవతలి ఒడ్డున ఉన్న మాండ్వా దాకా వెళ్లి, అక్కడ తిని, తిరిగి రావడం. ఫెర్రీ గంటలో వెళ్లే దూరం. మాకు రెండు మూడు గంటలు పడుతుందని లెక్కేశాను.

నేను ముందు చూసింది వెన్నెల. పౌర్ణమి దగ్గరపడే వారాంతం చూసి పడవాయనకి ఫోన్ చేశాను. ఆయన నా నాలుగేళ్ల అనుభవం అంతా ఓపిగ్గా విని, హిందీలో ఒక్కటే అడిగాడు: "ఆ రోజు తిథి ఏంటి?"

అప్పుడు కూర్చున్నాను పోటు పట్టికలు ముందేసుకుని. సముద్రం లేని ఊరని మనల్ని అందరూ ఏడిపిస్తారు గానీ, దేశం మొత్తానికి సముద్రం కబుర్లు చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నది మన ప్రగతినగర్‌లోనే. సునామీ హెచ్చరికలు కూడా అక్కణ్నుంచే వెళ్తాయి. వాళ్ల సైట్‌లో అలల ఎత్తు, గాలి, పోటు సమయాలు అన్నీ ఉంటాయి. చూస్తే నా ప్లాన్ ఎంత తెలివితక్కువదో అర్థమైంది.

నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు. ఆరు గంటల పైచిలుకు ఎక్కుతుంది, అంతసేపే దిగుతుంది, రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది. ముంబైలో పౌర్ణమికీ అమావాస్యకీ పోటు నిండేది మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో. అప్పుడు ఎక్కువకీ తక్కువకీ తేడా నాలుగు మీటర్ల పైనే, అంటే ఒక అంతస్తు కన్నా ఎక్కువ. అంత నీరూ ఆరుగంటల్లో ఖాళీ కావాలంటే ఎంత ఉరుకుతుందో చూడండి. మాండ్వా దక్షిణాన ఉంది. దిగే నీరు అటు తోస్తుంది, ఎక్కే నీరు ఇటు తెస్తుంది. పౌర్ణమి నాడు నీటి సాయం కావాలంటే మధ్యాహ్నం బయల్దేరి, సాయంత్రం ఆరు దాటాక చీకట్లో వెనక్కి రావాలి. ఓడలు తిరిగే దారిలో, ఈత రాని బావతో. వెన్నెల సంగతి ఆ దేవుడెరుగు.

అష్టమి, నవమి రోజులు చూస్తే అంతా తలకిందులు. పోటు పొద్దున్నే నిండుతుంది, మధ్యాహ్నానికి అడుక్కి చేరుతుంది, సాయంత్రానికి మళ్లీ నిండుతుంది. పొద్దున పాటుతో వెళ్లి మధ్యాహ్నం పోటుతో తిరిగొచ్చెయ్యొచ్చు. తేడా కూడా బాగా తక్కువ, నీరు మెత్తగా ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది గేట్‌వే మెట్ల సంగతి. నీరు బాగా దిగినప్పుడు కింది మెట్లు పాచి పట్టి జారతాయి. అక్క మోకాలితో అక్కడ దిగడం కన్నా ఇంట్లో కూర్చోవడం మేలు. చిన్న పోటు రోజుల్లో నీరు అంత కిందికి పోదు.

మాఘ బహుళ నవమి శనివారం పడింది. టికెట్లు చేసేశాను. అప్పుడు అమ్మ క్యాలెండర్ చూసింది.

"శుక్రవారం అష్టమే! అష్టమి నాడు గడప దాటి, నవమి నాడు నీళ్లెక్కుతారటే? ఇంకో రోజే దొరకలేదా?"

అష్టమికి చంద్రుడు, సూర్యుడు లంబకోణంలో లాగుతాయి, అందుకే పోటు చిన్నది అంటూ బొమ్మ గీసి చూపించాను. అమ్మ బొమ్మ చూసి, "అవన్నీ సరే" అంది. చివరికి తనే దారి చూపించింది. గురువారం సప్తమి పొద్దున నా బ్యాగు తీసుకెళ్లి ఎదురు ఫ్లాట్ ఆంటీ వాళ్లింట్లో పెట్టింది. ప్రస్థానం. అంటే లెక్క ప్రకారం ప్రయాణం సప్తమి నాడే మొదలైపోయినట్టు. తీరా చూస్తే తువ్వాళ్లు, వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ మాత్రలు అందులోనే ఉన్నాయి. శుక్రవారం ఆంటీ బ్యాంకుకి వెళ్లి తాళం వేసుకుంది. అది వేరే కథ.

ప్లాన్ కాగితం మీద బాగానే ఉంది. ఏడు దాటాక పోటు నిండుతుంది. ఏడున్నరకి పడవలో ఉండాలి. పొద్దున ఒడ్డునుంచి వీచే పిల్లగాలి పదిన్నర దాకా ఉంటుంది. పదకొండుకి మాండ్వా. ఒంటిగంట దాటాక పాటు ఆగుతుంది, అదే వేళకి సముద్రం గాలి లేస్తుంది, గాలి ఎదురైనా పోటు ఇంటికి తోస్తుంది. అందరికీ ముందురోజే చెప్పాను: మాత్ర గంట ముందు వేసుకోవాలి, కడుపు నిండా తినకూడదు, పడవలో బాత్రూం ఉండదు.

బావ మూడు మిసల్ పావ్‌లు తిన్నాడు. ఆర్డర్ ఇచ్చింది ఏడు ఇరవైకి. "ముంబై వచ్చి మిసల్ తినకపోతే ఎలా?" అన్నాడు. తర్వాత బాత్రూం. తర్వాత గేట్‌వే ముందు ఫొటోలు. పడవ కట్టు విప్పేసరికి తొమ్మిది నలభై. నేను మాట్లాడకుండా వాచీ చూసుకుంటూంటే, "సముద్రం ఎక్కడికీ పోదులే" అన్నాడు. నిజానికి అది అప్పటికే రెండున్నర గంటలుగా పోతూనే ఉంది.

పదిన్నర దాటేసరికి గాలి చచ్చిపోయింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. మెల్లగా ఉబ్బి దిగే నీటి మీద పడవ అటూ ఇటూ ఊగుతోంది, డీజిల్ వాసన. అక్క మొహం తెల్లబడింది. పాప మాత్రం ముందు కూర్చుని, "పిన్నీ, ఆ బాయ్ చూడు, నడుస్తోంది!" అంది.

ఓడలకి దారి చూపించే, నీళ్ల మీద తేలే ఇనప బాయ్ అది, మాకు ముప్పై గజాల్లో ఉంది. నిజంగానే నడుస్తున్నట్టుంది. ఒక పక్కకి ఒరిగి, ముందు నీళ్లు చీల్చుకుంటూ, వెనక తోకలా నురగ వదులుతూ మా మీదికి వస్తోంది. దాన్ని అడుక్కి గొలుసుతో కట్టేసి ఉంచారని తెలిసి కూడా, నా కళ్లకి అదే వస్తున్నట్టు కనపడింది. కదిలేది మేము. గాలి లేదు, అల లేదు, చప్పుడు లేదు, పడవ మాత్రం దాని మీదికి పోతోంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నాకిలాంటిది ఎదురవలేదు. చిన్న పోటు రోజే ఇలా ఉంటే పౌర్ణమి నాడు ఎలా ఉండేదో.

పడవాయన కంగారు పడలేదు. చిన్న మోటారు తిప్పి బాయ్‌ని తప్పించి, ఓడల దారి పక్కకి తీసుకెళ్లి లంగరు వేశాడు. మోటారుతోనే మాండ్వా పోదామా అంటే నేనే వద్దన్నాను. ఇంకా దూరం వెళ్తే వచ్చే దూరం పెరుగుతుంది. పదకొండున్నరకి సగం దూరం దాటకపోతే వెనక్కే అని ముందే రాసుకున్నాను. అలా రాసుకోకపోతే బావతో వాదనకి దిగేదాన్ని.

రెండు గంటలు లంగరు మీదే. అమ్మ కట్టిచ్చిన పులిహోర పాప, పడవాయన తిన్నారు. అక్కని దూరంగా ఒడ్డునే చూస్తూ ఉండమన్నాను, కాస్త తేరుకుంది. మిసల్ పావ్‌ల గురించి చెప్పడం బాగుండదు. లంగరు తాడు బిగుతుగా ఉన్నంతసేపూ నీరు దిగుతున్నట్టు. ఒంటిగంట దాటాక ఆ తాడు మెల్లగా వదులైంది. పడవ ఎటు తిరగాలో తేల్చుకోలేనట్టు అడ్డంగా నిలబడింది. పావుగంటలో వాయవ్యం నుంచి గాలి, నీళ్ల మీద ముదురు రంగు గీతలా వచ్చింది. లంగరు ఎత్తి ఎదురుగాలికి మలుపులు తీసుకుంటూ బయల్దేరాం. పడవ మొదటిసారి ఒరిగినప్పుడు అక్క పెట్టిన కేక ఎలిఫెంటా దాకా వినపడి ఉంటుంది. రెండో ఒరుగుకి నవ్వింది. పాప చుక్కాని పట్టుకుంది. నాలుగింటికి మెట్ల దగ్గరికి వచ్చేశాం, నీరు సగం ఎక్కి ఉంది, అక్క జారకుండా దిగింది.

ఆదివారం దశమి. అక్కా బావా కొలాబాలో బజారుకి పోయారు, నేనూ పాపా రెండు గంటలు తిరిగొచ్చి రాత్రి రైలెక్కాం.

మళ్లీ వెళ్లాలని ఇప్పుడు బావకే తొందర. ఈసారి పడవ ఎనిమిదికైతే బావకి ఆరున్నర అని చెప్తాను, అక్కకి మాత్రమే అసలు టైం. మొన్న ఆదివారం అందర్నీ ట్యాంక్‌బండ్‌కి తీసుకెళ్లాను. నీళ్లలో నారింజరంగు బాయ్ నిటారుగా, కదలకుండా నిలబడి ఉంది. పాప కాసేపు దాన్నే చూసి, "పిన్నీ, ఇక్కడ పోటు ఎన్నింటికి?" అంది.

బావ వాచీ చూసుకున్నాడు.