బీరువా ఖాళీ చేసిన రోజు

బరంపురంలోని మా ఇంట్లో మొన్న బీరువా ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, వేసుకోని బట్టలను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న నేను అనుకున్నంత తేలికగా తేలలేదు. మా అమ్మ కాలంలో మెత్తబడిన నూలు చీరలను నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టేవారు. ఆ బొంత చిరిగితే మసిగుడ్డలయ్యేవి. మిగిలినవి స్టీలు సామాను అమ్మే ఆమె మూటలోకి వెళ్ళేవి, అదీ ఒక గిన్నె కోసం అరగంట బేరమాడిన తరువాతే.

నా బీరువాలో మాత్రం సగానికి పైగా పాలియెస్టర్ కలిసిన బట్టలే ఉన్నాయి. అవి తడి సరిగా పీల్చవు కనుక మసిగుడ్డకు పనికిరావు, నూలులా మట్టిలో కుళ్ళవు, కాలిస్తే హానికరమైన పొగ వస్తుంది.

చిరగని వాటిని దానానికి ఇవ్వవచ్చు, కానీ ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వాలి. మనం ముట్టుకోని మురికి చొక్కాను పేదవారికి ఇవ్వడం నా దృష్టిలో దానం కాదు. 1999లో అన్షు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ పాత బట్టలను ఊరి వాళ్ళు చేసుకున్న చెరువు పనికో, దారి పనికో ప్రతిఫలంగా ఇస్తుంది. నూలు గుడ్డతో నెలసరి ప్యాడ్లు తయారు చేయిస్తుంది. పాత ఉన్ని బట్టలనైతే హర్యానాలోని పానిపట్‌లో రంగుల వారీగా వేరుచేసి, పీచుగా చీల్చి, మళ్ళీ వడికి కంబళ్ళు నేస్తారు.

మడతల వెంబడి చిట్లిన అమ్మ బరంపురం పట్టుచీరను ఎవరికీ ఇవ్వలేదు. దర్జీ దాని కుంభం అంచును, అంటే గుడి గోపురాల వరుసలా నేసిన అంచును, జాగ్రత్తగా విప్పి, మేనకోడలి పరికిణీకి వేశాడు. ఇస్త్రీ పెట్టె తగిలి ముడుచుకుపోయిన రెండు పాలియెస్టర్ చొక్కాలు మాత్రం ఇంకా కుర్చీ మీదే ఉన్నాయి.