2006 స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐ: ఫ్యాక్టరీ చక్రాలు మళ్లీ ఎక్కేదాకా

జనవరిలో కొన్న పాత మారుతి స్విఫ్ట్ కారు పని ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చింది. పెట్రోలు, 1.3 లీటర్ల ఇంజిను, స్విఫ్ట్‌లో పై రకమైన జెడ్ఎక్స్ఐ, ఏపీ 16 నంబరు. బాగుచేయడానికి పట్టిన రోజుల కన్నా, ఏది కారుతో పాటు వచ్చింది, ఏది మధ్యలో చేరింది అని తేల్చడానికే ఎక్కువ రోజులు పట్టింది. పాత జెడ్ఎక్స్ఐ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను.

జనవరి

వెనక డోరు మీద జెడ్ఎక్స్ఐ అని బ్యాడ్జి ఉంది. బ్యాడ్జి ఎవరైనా కొని అంటించుకోవచ్చు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆర్‌సీలో మోడల్ దగ్గర చూశాను, ప్రభుత్వ వాహనాల సైటు పరివాహన్‌లో నంబరు కొట్టి చూశాను, రెండూ కలిశాయి. ఛాసిస్ నంబరు మారుతి కాబట్టి ఎంఏ3తో మొదలవ్వాలి. బానెట్ ఎత్తి, రేకు మీద కొట్టిన నంబరుని ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చుకున్నాను. తయారీ 2006 మే.

మన దగ్గర స్విఫ్ట్ వచ్చింది 2005 మేలో. అప్పట్లో కింది రకాలైన ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలకు స్టీలు రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లు (165 మి.మీ. వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు). జెడ్ఎక్స్ఐకి అలాయ్‌లు, అంటే తేలికలోహపు చక్రాలు, 185/70 ఆర్14. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు), ముందు రెండు ఎయిర్‌బ్యాగులు కూడా దీనికి కంపెనీ నుంచే వచ్చాయి. ఏబీఎస్ ఉన్న వీఎక్స్ఐలు కూడా తర్వాత వచ్చాయి కాబట్టి ఒక్క ఏబీఎస్‌ని చూసి జెడ్ఎక్స్ఐ అనుకోకూడదు. బ్రేకు పైపులన్నీ వచ్చి చేరే అల్యూమినియం దిమ్మ ఇంజిను పక్కన ఉంది, చక్రం విప్పితే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) వెనక సెన్సర్ వైరు ఉంది. ఆ రెండూ చూశాకే ఏబీఎస్ ఉందని రాసుకున్నాను.

సీటు బెల్టులు పూర్తిగా లాగితే అడుగున చిన్న లేబుల్ ఉంటుంది, దాని మీద తయారీ తేదీ. రెండూ 2006వే. అద్దాల మూల ముద్రలు చూస్తే ఎడమ వెనక డోరు అద్దం ఒక్కటే వేరే కంపెనీది. ఆ డోరు పెయింటు కూడా కాస్త తేడాగా ఉంది. అక్కడ దెబ్బ తగిలిందని అమ్మినాయన చెప్పలేదు. దెబ్బ పిల్లరు (డోర్ల మధ్య నిలువు స్తంభం) దాకా పోలేదు కాబట్టి సరిపెట్టుకున్నాను.

ఫిబ్రవరి

కారుకి ఉన్నవి 15 అంగుళాల బయటి అలాయ్‌లు. చూడటానికి బాగానే ఉన్నాయి గానీ 90 దాటితే స్టీరింగ్ వణికేది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు. విప్పి చూస్తే కారణం తెలిసింది. ఒక్కో రిమ్ముకి నాలుగు కాదు, ఎనిమిది రంధ్రాలు. నట్ల రంధ్రాల వలయం వ్యాసాన్ని పీసీడీ అంటారు; 100, 114.3 మి.మీ. రెండు పీసీడీలకూ సరిపోయేలా పోసినవి. మధ్య రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిస్తే 67 మి.మీ. స్విఫ్ట్ హబ్‌కి కావాల్సింది 54.1. ఆ ఖాళీలో ప్లాస్టిక్ రింగులు ఉండాలి, నాలుగింటిలో రెండు లేవు, ఒకటి పగిలింది. చక్రం హబ్ మీద కూర్చోకుండా నట్ల మీదే వేలాడుతోందన్నమాట.

టైర్లు 195/55 ఆర్15. వీటి ఎత్తు సుమారు 595 మి.మీ., కంపెనీ 185/70 ఆర్14 ఎత్తు 615. అంటే మూడు శాతం తక్కువ. మీటరు 100 చూపిస్తే కారు నిజంగా వెళ్లేది దాదాపు 97. ఓడోమీటరు కూడా అంతే లెక్కన ఎక్కువ తిరిగి ఉంటుంది. 15 అంగుళాలే కావాలనుకునేవాళ్లు 195/60 వేసుకుంటే ఎత్తు సరిగ్గా కలుస్తుంది.

అసలు సైజుకి నాకు దొరికిన గట్టి సాక్ష్యం స్టెప్నీ. డిక్కీ అడుగున దుమ్ము పట్టి, 185/70 ఆర్14 టైరుతో అలాగే ఉంది. తేదీ ముద్ర 1406, అంటే 2006లో 14వ వారం. కారు కన్నా నెల ముందు పుట్టిన టైరు. ఇరవై ఏళ్ల రబ్బరు రోడ్డు మీదికి పనికిరాదు, అయినా దాన్ని పారేయలేదు.

మార్చి

విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు ఆదివారాలు తిరిగాను. మొదటి రెండు షాపుల్లో "ఒరిజినల్" అని చూపించినవి ముందు నుంచి అచ్చం అలాగే ఉన్నాయి. తిప్పి చూస్తే వెనక ఏ ముద్రా లేదు.

మూడో షాపు బాబాయ్ అటక మీంచి నాలుగు దించాడు. వెనకంతా గ్రీజు, బ్రేకు పొడి గట్టిపడిపోయి ఉంది. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్ తీసుకుని ఒక్కో ఊచ వెనక రుద్దాను. పావుగంటకి జేడబ్ల్యూఎల్ అన్న అక్షరాలు తేలాయి. తేలికలోహపు చక్రాలకు జపాన్ ప్రమాణం ముద్ర అది. దాని పక్కన 14×5½జె, అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం, వెడల్పు. కిందగా రూపాయి బిళ్లంత గుండ్రటి గడియారం లాంటి గుర్తు, మధ్యలో 06, చుట్టూ చుక్కలు. ఆ రిమ్ము పోత పోసిన సంవత్సరం, నెల అవి.

"ఏం వెతుకుతున్నావ్ అబ్బాయ్ అంతసేపు?" అన్నాడు.

"ఇవి ఎప్పుడు పుట్టాయో చూస్తున్నాను బాబాయ్."

మూడింటి మీద 06, నాలుగోదాని మీద 09. డిజైను, సైజు, ముద్రలు అన్నీ ఒకటే, తేదీ ఒక్కటే తేడా. కాసేపు ఆలోచించి తీసుకున్నాను. అది కూడా కంపెనీదే, ఆ తేడా నాకు సమ్మతమే. నాలుగూ పది వేలు. డబ్బు ఇచ్చే ముందు బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పి చూపించమన్నాను. 06 వాటిలో ఒకదానికి లోపలి అంచు కాస్త వంగి ఉంది, బెండు తీయించాం. పగులు ఉంటే మాత్రం వెల్డింగు చేయించి వాడకండి, వదిలేయండి.

పెయింటు పలచగా వేయించాను. నట్టు కూర్చునే చోట, హబ్‌కి ఆనే ముఖం మీద పెయింటు పడకుండా టేపు వేయమని దగ్గరుండి చెప్పాను. అక్కడ పెయింటు ఉంటే అది నలిగి నట్లు వదులవుతాయి. స్విఫ్ట్ నట్లు 12×1.25 మర (12 మి.మీ. మందం, మర చుట్ల మధ్య దూరం 1.25 మి.మీ.). హోండా, టయోటావి 12×1.5. అవి స్విఫ్ట్‌కి వేస్తే రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి బిగుసుకుపోయి స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) పాడు చేస్తాయి. బిగింపు కొలిచే టార్క్ పానాతో 85 న్యూటన్ మీటర్లు పట్టించి, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూశాను. ఇప్పుడు 100లో కూడా స్టీరింగ్ నిలకడగా ఉంది. గన్నవరం వైపు వెళ్లి వచ్చిన ఆ రోజు ఇంటికొచ్చి కూడా చాలాసేపు కారు దిగబుద్ధి కాలేదు.

ఏప్రిల్

తాళం తిప్పితే ఏబీఎస్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరుతోంది, సరిగ్గా అలాగే ఉండాలి. ఎయిర్‌బ్యాగు లైటు మాత్రం అసలు వెలగదు. వెలగకపోతే బాగున్నట్టు కాదు, బల్బు పోయి ఉండొచ్చు, లేదా ఎవరో దాచి ఉండొచ్చు. మీటరు విప్పిస్తే ఆ లైటు మీద నల్ల టేపు అంటించి ఉంది. టేపు తీశాక లైటు ఆరడం మానేసింది. స్కానర్ పెడితే డ్రైవరు వైపు సర్క్యూట్ తెగినట్టు చూపింది. స్టీరింగ్ వెనక చుట్టగా ఉండే కేబుల్ పోయింది. కొత్తది వేశాం, బ్యాగు పాతదే, బాగానే ఉంది. పసుపు రంగు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగకుండా వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

అది దాచిపెట్టి అమ్మినందుకు నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. పక్క సీట్లో అమ్మ కూర్చుంటుంది.

ఇక మిగిలింది ఒక చక్రం మధ్య మూత. గుంటూరులో ఒక షాపులో ఉందట. వెనక వైపు ఫోటో పంపమన్నాను.