ఎఫ్1 నొక్కడానికి రెండు గంటలు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీకి సిస్టమ్స్ నేనే చూస్తా. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కంతా అక్కడి పాత సర్వర్‌లోనే. మార్చిలో ఒక రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయి, కరెంటొచ్చాక సర్వర్ లేవలేదు. నేనేమో విజయవాడలో ఇంట్లో ఉన్నా. ఓనర్ గారు ఫోన్ చేసి "తమ్ముడూ, తెల్లారితే లారీలొచ్చేస్తాయి, ఏదోటి చెయ్యి" అన్నారు.

సర్వర్‌కి రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్ట్ (దూరం నుంచే దాని స్క్రీన్, కీబోర్డు వాడుకునే దారి) ఉంది కదా, వీపీఎన్‌లోంచి, అంటే ఇంట్లోంచే అక్కడి నెట్‌వర్క్‌లోకి వెళ్లి స్క్రీన్ చూద్దాం అనుకుంటే క్రోమ్‌లో లాగిన్ పేజీయే రాలేదు, అది వాడేది టీఎల్ఎస్ 1.0, కొత్త బ్రౌజర్లు ఒప్పుకోని పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి. వచ్చినా లాభం లేదు, కన్సోల్ (సర్వర్ స్క్రీన్ చూపించే బాక్స్) జావా యాప్లెట్, అంటే బ్రౌజర్‌లో ప్లగిన్ ఉంటేనే నడిచే చిన్న ప్రోగ్రామ్, క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ ప్లగిన్లని తీసేశాయి.

నా పాత విండోస్ 10 ల్యాప్‌టాప్ తీసి ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా పేజీలు తెరిచేది) ఆన్ చేశా. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో టీఎల్ఎస్ 1.0 టిక్ పెట్టాక లాగిన్ వచ్చింది, కన్సోల్ బాక్స్ మాత్రం ఖాళీ. ఉన్నది 64 బిట్ జావా, 32 బిట్ జావా 8 వేశాక కదిలింది. వెంటనే "బ్లాక్డ్ బై జావా సెక్యూరిటీ". జావా కంట్రోల్ ప్యానెల్‌లో ఎక్సెప్షన్ సైట్ లిస్ట్‌కి ఐపీ కలిపినా అదే మాట. ఇక్కడే గంట పోయింది. అసలు విషయం ఏంటంటే ఆ యాప్లెట్ ఎండీ5 అనే పాత, బలహీనమైన పద్ధతితో డిజిటల్‌గా సైన్ చేసింది, 2017లో వచ్చిన 8యూ131 నుంచి జావా అలాంటి వాటిని సైన్ చేయనట్టే చూస్తుంది. జావా ఫోల్డర్‌లో లిబ్, అందులో సెక్యూరిటీ, అందులోని java.security అనే ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డిజేబుల్డ్ అల్గారిథమ్స్ లైన్లలో జార్‌ది (జావా ప్రోగ్రామ్ ఫైళ్లకి సంబంధించింది) వెతికి ఎండీ5 తీసేశా.

స్క్రీన్ వచ్చింది. నల్ల తెర మీద ఒకటే లైన్, కంటిన్యూ అవ్వాలంటే ఎఫ్1 నొక్కమని. మదర్‌బోర్డు మీద బటన్ సెల్ అయిపోయి సెట్టింగ్స్ పోయాయంతే. నొక్కా, బూట్ అయింది, కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది.

ఆ ల్యాప్‌టాప్‌లో మార్చినవన్నీ పొద్దున్నే వెనక్కి పెట్టేశా, రోజూ వాడే మెషీన్‌లో అలా వదిలెయ్యకూడదు. సీఆర్2032 సెల్ కొత్తది వేశాం. సర్వర్ రూమ్‌లో ఇంటర్నెట్ లేని పాత పీసీ ఒకటి దీనికోసమే పెట్టి, జావా ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టా. ఎడ్జ్‌లో మనం చేత్తో కలిపిన ఐఈ మోడ్ పేజీ 30 రోజులకి ఎక్స్‌పైర్ అవుతుంది, అందుకే నెలనెలా కన్సోల్ ఓపెన్ చేసి చూస్తున్నా.